ఒకటో నంబరు పెట్టె



మనలాంటివాళ్ళ ఇళ్ళలో ఒక వస్తువు తప్పకుండా ఉంటుంది. నల్ల రంగు ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల పెయింటుతో అమ్మగారి పేరో నాన్నగారి పేరో, కింద ఒక నంబరు, ఆ పక్కన కొట్టివేసిన పాత ఊళ్ళ పేర్లు. మన బంధువుల ఇళ్ళలో ఇలాంటి పెట్టె అటక మీద దుమ్ము పట్టి ఉంటుంది. మన ఇళ్ళలో అది మంచం కింద సిద్ధంగా ఉంటుంది. బదిలీ ఉత్తర్వు ఎప్పుడు వస్తుందో తెలియదు కదా!

సామాను సర్దడంలో మనల్ని మించినవారు లేరు. గాజు గ్లాసును పాత పేపరులో ఎలా చుట్టాలో, బరువైన పుస్తకాలు చిన్న పెట్టెలో ఎందుకు పెట్టాలో మన ఇళ్ళలో నాలుగో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఈ వ్యాసంలో మేము కొత్త విద్య ఏదీ నేర్పబోవడం లేదు. మీకు వచ్చిన ఈ విద్యనే ఆపద సమయంలో ఎలా వాడుకోవాలో చెప్పాలనుకుంటున్నాం. పదిహేను రోజుల్లో ఇల్లంతా సర్దగలిగిన మనం, పది నిమిషాల్లో ఇల్లు వదలాల్సి వస్తే ఏం పట్టుకుపోవాలి? అంతకన్నా ముఖ్యంగా, మనకు ఏమేమి తెలిసి ఉండాలి?

ముందుగా మా కథ చెబుతాం. అది మా తెలివితక్కువతనం కథే.

34 పెట్టెలు, ఒక్క అగ్గిపుల్ల లేదు

2014వ సంవత్సరం దసరా సెలవుల్లో మా సామాను విశాఖపట్నంలో దిగింది. మేమిద్దరమూ కరీంనగర్ వైపు పుట్టి పెరిగినవాళ్ళం. తుపాను అంటే మాకు పేపర్లో చదివిన మాటే. మొత్తం 34 పెట్టెలు. అన్నిటికీ నంబర్లు వేశాం. ఏ నంబరులో ఏముందో ఒక నోటుబుక్కులో శ్రద్ధగా రాసుకున్నాం. చివర్లో హడావిడిగా ఆ నోటుబుక్కును కూడా ఒక పెట్టెలో పడేసి తాడు కట్టేశాం!

సగం పెట్టెలు ఇంకా విప్పనేలేదు. హుద్‌హుద్ తుపాను వస్తోందని రేడియోలో, టీవీలో రోజుల ముందునుంచే చెబుతున్నారు. మేము కిటికీలు మూశాం, కూరగాయలు తెచ్చుకున్నాం. అంతటితో సిద్ధమయ్యామనుకున్నాం.

అక్టోబరు 12, ఆదివారం. తెల్లవారేసరికి కరెంటు పోయింది. గాలి గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో వీచిందని తర్వాత చదివాం. ఆ రోజు మాకు తెలిసింది ఒక్కటే, తలుపును ఇద్దరం కలిసి నెట్టి పట్టుకోవాల్సి వచ్చిందని. టార్చిలైటు ఏ పెట్టెలో ఉందో తెలియదు. కొవ్వొత్తులు దొరికాయి కాని అగ్గిపెట్టె దొరకలేదు. చీకట్లో తాళ్ళు విప్పుతూ కూర్చున్నాం.

మధ్యాహ్నం వేళ గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. హమ్మయ్య, అయిపోయింది అనుకుని, మంచినీళ్ళ డబ్బా పట్టుకుని గడప దాటబోయాం. కింది వాటాలో ఉండే మామ్మ మెట్ల దగ్గర నిలబడి కేక వేసింది.

"కొత్తోరు కదమ్మా! బయటికి ఎల్లకండి. గాలి ఆగిపోనేదు. అటునుంచి మళ్ళీ వస్తాది."

ఆమె చెప్పినట్టే అయింది. తుపాను మధ్యలో కన్ను అనే భాగం ఉంటుంది. అది మన మీదుగా వెళ్తున్నంతసేపు గాలి నిలిచిపోతుంది. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అంత జోరుగానూ కొడుతుంది. రెండోసారి గాలి వచ్చినప్పుడు మా వీధిలోని పెద్ద వేపచెట్టు, మేము నీళ్ళకోసం వెళ్ళాలనుకున్న దారికి అడ్డంగా కూలింది.

మామ్మ భూగోళశాస్త్రం చదవలేదు. భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టింది, అంతే. ఆమె ఇంట్లో ప్రతి బిందె, ప్రతి బకెట్టు, ఆఖరికి పప్పుగిన్నె కూడా నీళ్ళతో నిండి ఉన్నాయి. మా ఇంట్లో కుళాయి ఉందన్న ధైర్యం తప్ప నీళ్ళు లేవు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే ట్యాంకు ఎండుతుంది, ట్యాంకు ఎండితే కుళాయి ఉత్త ఇనుప గొట్టమే. సెల్ టవరుకు కరెంటు లేకపోతే ఫోను మూగబోతుంది. ఏటీఎం తెరుచుకోదు. ఒకదాన్ని పట్టుకుని ఒకటి ఎలా పడిపోతాయో ఆ నాలుగు రోజుల్లో మేము నేర్చుకున్నాం. ఆ నాలుగు రోజులూ మామ్మ బిందెల్లోని నీళ్ళే తాగాం.

అవ్వ లేని ఊరు

ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగాం. తిరిగినకొద్దీ ఒక విషయం స్పష్టమైంది. ప్రతి ఊరికీ దాని ఆపద దానికి ఉంటుంది. ఆ ఊరివాళ్ళకు అది తెలుసు. కొత్తగా వచ్చిన మనకే తెలియదు.

2004 డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చినప్పుడు కార్ నికోబార్ దీవిలో మన వైమానిక దళ స్థావరం ఉంది. అక్కడి సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు కలిపి వందమందికి పైగా చనిపోయారు. వారంతా మనలాగే పెట్టెల మీద పేర్లు రాసుకుని ఎక్కడెక్కడి నుంచో వెళ్ళినవారే.

అదే ఉదయం, ఆ భూకంపం పుట్టిన చోటికి చాలా దగ్గరలో ఇండోనేషియాకు చెందిన సిమెయులు అనే దీవి ఉంది. అక్కడ జనం డెబ్బై వేలకు పైనే. కాని సునామీ వల్ల చనిపోయినవారు చాలా కొద్దిమంది. కారణం ఒక్క మాట, 'స్మోంగ్'. 1907లో వచ్చిన సునామీని చూసినవారు ఆ మాటను పిల్లలకు చెప్పారు, ఆ పిల్లలు తమ పిల్లలకు చెప్పారు. నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి తగ్గితే అది స్మోంగ్, వెంటనే కొండెక్కాలి. దాదాపు వందేళ్ళు అవ్వలు, తాతలు ఆ మాటను కాపాడారు. ఆ రోజు ఆ మాట వారిని కాపాడింది.

ఇంకొకటి కూడా అదే రోజు జరిగింది. థాయిలాండులోని ఫుకెట్‌లో ఒక సముద్ర తీరానికి ఇంగ్లండు నుంచి సెలవులకు వచ్చిన టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ అమ్మాయి, నీళ్ళు వింతగా నురగలు కక్కుతూ పొంగడం చూసింది. రెండు వారాల ముందే బడిలో భూగోళం పాఠంలో సునామీ గురించి విన్నది. తల్లిదండ్రులకు గట్టిగా చెప్పింది. వారు కావలివారికి చెప్పారు. తీరం ఖాళీ చేయించారు, ఆ తీరంలోని వారంతా బతికారు. ఆ అమ్మాయికి అక్కడ అవ్వ లేదు. బడి ఉంది.

బదిలీల పిల్లలకు కొత్త ఊళ్ళో అవ్వ ఉండదు. కాబట్టి రెండు పనులు చేయాలి. బడిలో చెప్పింది గుర్తుపెట్టుకోవాలి. ఊళ్ళోని అవ్వలను వెతికి పట్టుకోవాలి.

మూడు ప్రశ్నలు

కొత్త ఊరు వెళ్ళిన మొదటి వారంలోనే పాలు పోసేవారిని, బడి బస్సు నడిపే అన్నయ్యను, పక్కింటి పెద్దవారిని ఈ మూడు ప్రశ్నలు అడగండి.

1. ఇక్కడ ఏ ఆపద వస్తుంది? ఏ నెలల్లో?
2. రాబోయే ముందు ఏ గుర్తు కనిపిస్తుంది?
3. వచ్చినప్పుడు మీరంతా ఎక్కడికి వెళ్తారు?

జవాబులు ఊరూరికీ మారతాయి. తూర్పు తీరంలో అయితే ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పది వేలమందికి పైగా పోయారు. 1999 అక్టోబరు 29న ఒడిశాలో వచ్చిన మహా తుపానులోనూ సుమారు పది వేలమంది చనిపోయారు. అదే ఒడిశా తీరాన్ని 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తాకినప్పుడు లక్షలాది జనాన్ని ముందే గట్టి భవనాలకు, తుపాను ఆశ్రయాలకు తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ముఖ్యంగా, మనుషులు ముందే కదలడం వల్ల. అందుకే తీరంలోని ఊళ్ళో మూడో ప్రశ్నకు జవాబు తెలియకుండా ఒక్క వారం కూడా గడపకండి.

కచ్ ప్రాంతం, ఈశాన్య రాష్ట్రాలు, హిమాలయాల దగ్గరి ఊళ్ళలో భూకంపం భయం. 2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు, గణతంత్ర దినోత్సవం వేళ, గుజరాత్‌లోని భుజ్ ప్రాంతం కంపించింది. భూకంపానికి ముందస్తు గుర్తు ఉండదు. అందుకే చేయవలసింది శరీరానికే అలవాటు కావాలి. మోకాళ్ళ మీద వంగు, బల్ల కింద దాగు, బల్ల కాలు పట్టుకో. కంపిస్తున్నంతసేపు మెట్ల మీదికి పరుగెత్తకూడదు. ఆగిన తర్వాత తలకు సంచి అడ్డం పెట్టుకుని మైదానానికి రావాలి. రాత్రి మంచం పక్కన చెప్పులు, టార్చిలైటు పెట్టుకోవడం అక్కడివారి అలవాటైతే మీరూ చేసుకోండి. కంపించిన గదిలో నేలంతా గాజు పెంకులే ఉంటాయి.

లేహ్ వంటి ఎత్తైన చోట, అంటే సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో, దిగిన మొదటి రెండు రోజులూ విశ్రాంతి తీసుకోవడమే పని. గాలి పలచన కాబట్టి పరుగులు తీస్తే తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. చలి ఉన్న ఏ ఊళ్ళోనైనా మరో శత్రువు ఉంది. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దక్షిణాది నుంచి వెళ్ళినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి.

నది పక్క ఊరైతే వరద. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. డాబాల మీద చిక్కుకున్నవారికి పడవలతో, డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. పారే నీళ్ళు మోకాలి లోతు లేకపోయినా పెద్ద మనిషిని పడేయగలవు. వరద నీటిలో నడిచి దాటే సాహసం వద్దు.

సంచి సర్దడం

ఇప్పుడు మన సొంత విద్యకు వద్దాం. మా ఇంట్లో ఇప్పుడు ఒకటో నంబరు పెట్టె అంటే పెట్టె కాదు, భుజానికి తగిలించుకునే సంచి. కొత్త ఇంట్లో అన్నిటికన్నా ముందు దాని చోటు నిర్ణయిస్తాం. తలుపు పక్కన, మేకుకు. అందులో ఉండేవి ఇవి.

1. మనిషికి ఒక లీటరు చొప్పున మంచినీళ్ళు. ఇది దారి కోసం. ఇంట్లో వేరుగా మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున మూడు రోజులకు నిలవ ఉండాలి. నలుగురున్న ఇంటికి 36 లీటర్లు. అంటే 20 లీటర్ల డబ్బాలు రెండు.

2. వండకుండా తినగలిగేవి. అటుకులు, బెల్లం, పుట్నాలు, వేరుశనగలు, ఖర్జూరం. మన అమ్మమ్మలు తీర్థయాత్రలకు కట్టుకుపోయిన మూటే ఇది. బిస్కట్ల కంటే ఎక్కువసేపు ఆకలి ఆపుతుంది.

3. టార్చిలైటు, విడిగా బ్యాటరీలు. బ్యాటరీలను టార్చిలోనే ఉంచేస్తే కారి పాడైపోతాయి. తడవకుండా మూతగట్టి డబ్బాలో అగ్గిపెట్టె.

4. ఈల. ఇది సంచిలో కాదు, సంచి పట్టీకి కట్టి ఉండాలి. గొంతు పది నిమిషాల్లో బొంగురుపోతుంది. ఈల గంటలకొద్దీ పలుకుతుంది.

5. మందుల డబ్బా. గాజుగుడ్డ, బ్యాండేజీ, పిన్నీసులు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఇంట్లో ఎవరైనా రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా.

6. పది మీటర్ల తాడు, రెండు మీటర్ల ప్లాస్టిక్ పట్టా. ఈ రెండూ ఉంటే వానకు గూడు, నేలకు చాప, గాయపడినవారికి మోత, మూడూ తయారవుతాయి.

7. చిన్న నోట్లుగా కొంత డబ్బు. పెద్ద నోటుకు ఆ రోజు చిల్లర దొరకదు.

8. ప్లాస్టిక్ కవరులో ముఖ్యమైన కాగితాల జిరాక్సు కాపీలు. ఆధార్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, మార్కుల జాబితాలు, టి.సి. టి.సి. విలువ మనకంటే ఎవరికి తెలుసు!

9. కాగితం మీద రాసిన ఫోను నంబర్లు. ఫోను ఆరిపోతే అందులోని నంబర్లూ పోయినట్టే. రెండు నంబర్లయినా నోటికి రావాలి.

ఈ తొమ్మిదీ ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. పదోది మాత్రం ఊరిని బట్టి మారుతుంది. తీరంలో బ్యాటరీతో నడిచే రేడియో. కొండల్లో ఉన్ని టోపీ, పొడి మేజోళ్ళు. ఎడారి ఊళ్ళో ఇంకో రెండు లీటర్ల నీళ్ళు, తలకు తుండుగుడ్డ. ఆ పదో వస్తువు ఏమిటో మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులే చెబుతాయి.

చేతికి రావలసినవి

సంచి పోవచ్చు, తడవవచ్చు. చేతికి వచ్చిన పని ఎక్కడికీ పోదు. దానికి లారీ కూడా అక్కర్లేదు. ప్రతి పిల్లవాడికీ ఈ కొన్ని పనులు వచ్చి ఉండాలని మా కోరిక.

నీళ్ళు. అనుమానం ఉన్న నీటిని గుడ్డలో వడగట్టి, తెర్లే దాకా కాచి, ఆ తర్వాత కూడా ఒక నిమిషం మరగనివ్వాలి. రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఊళ్ళలో మూడు నిమిషాలు. ఎత్తు పెరిగినకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కనుక అదనపు సమయం ఇవ్వాలి.

విరేచనాలు అవుతుంటే ఓఆర్ఎస్ పొట్లం లేకపోయినా, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి పది నిమిషాలు వదలకుండా గట్టిగా అదమాలి. ఆగిందా లేదా అని మధ్యమధ్య తీసి చూడకూడదు. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ పెట్టాలి.

పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కరిచిన చేతిని లేదా కాలిని కదలనివ్వకుండా ఉంచి, ఉంగరం, గడియారం, పట్టీలు తీసేసి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాముకైనా, కట్లపాముకైనా, రక్తపింజరికైనా మందు ఆసుపత్రిలోనే ఉంది.

సాయం కోసం దేశమంతటా 112 నంబరు పనిచేస్తుంది. అంబులెన్సుకు చాలా రాష్ట్రాల్లో 108. ఈ 108 సేవ 2005లో మన తెలుగు నేల మీదే మొదలైంది. ఫోను చేసినప్పుడు మొదట చెప్పవలసింది ఏం జరిగిందని కాదు, ఎక్కడ ఉన్నామని. మధ్యలో లైను తెగినా వారు బయలుదేరగలుగుతారు. కాల్ కలవకపోతే చిన్న సందేశం పంపి చూడండి. ఒక్కోసారి అది వెళుతుంది.

దారి తప్పితే

ఒక కొండ ప్రాంతపు పోస్టింగులో స్కౌట్స్, గైడ్స్ పిల్లలతో అడవి నడకకు వెళ్ళాం. ఏడో తరగతి పిల్లలు ఇద్దరు, పడిపోయిన టోపీ కోసం వెనక్కి వెళ్ళి దారి తప్పారు. మేము తలలు లెక్కపెట్టింది తర్వాతి మజిలీలో. ప్రతి మలుపులోనూ లెక్కపెట్టవలసింది. ఆ తప్పు మాదే. అప్పటికి అరగంట దాటింది. ఆ అరగంట గుర్తొస్తే ఇప్పటికీ మా అరచేతులు చెమర్చుతాయి.

పిల్లలు మాత్రం సరైన పని చేశారు. దారి పోయిందని తెలియగానే ఆగిపోయారు. ఒక పెద్ద చెట్టును ఎంచుకుని, సంచులు నేలమీద పరిచి వాటిమీద కూర్చున్నారు. మూడుసార్లు ఈల, కాస్త విరామం, మళ్ళీ మూడుసార్లు. మూడు అనేది సాయం కోరే గుర్తు. మాకు మొదట వినబడింది ఆ మూడు ఈలలే.

ఎందుకు ఆగాలి? లెక్కల మాస్టారిని అడగకుండానే చెప్పవచ్చు. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున ఏదో ఒక దిక్కుకు ఒక గంట నడిస్తే, వెతికేవారు 4 కిలోమీటర్ల వ్యాసార్ధం గల వృత్తమంతా వెతకాలి. అది సుమారు 50 చదరపు కిలోమీటర్లు. రెండు గంటలు నడిస్తే 200. సమయం రెండింతలైతే వెతకవలసిన నేల నాలుగింతలు. ఆగినవారు ఆ వృత్తాన్ని చిన్నదిగా ఉంచుతారు.

ఆగిన చోట చేయవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. నేల చలిని లాగేస్తుంది కాబట్టి ఎండుటాకులు పరుచుకుని కూర్చోవాలి. తడిసిన బట్టలు పిండి, ఇద్దరుంటే దగ్గరగా కూర్చోవాలి. నీళ్ళు దాచుకోవడం కాదు, దాహమైనప్పుడు కొద్దికొద్దిగా తాగాలి. తెలియని కాయలు, పుట్టగొడుగులు ముట్టకూడదు. ఒక రోజు ఆకలికి ఎవరికీ ఏమీ కాదు. విషపు కాయకు అవుతుంది. ఉరుములు మొదలైతే ఒంటరి చెట్టు కింద, గుట్ట కొసన ఉండకుండా పల్లపు చోటికి జరగాలి.

ఆరు మాటలు

తెలుగు చెప్పేవాళ్ళం కనుక ఒక భాషా సంగతి చెప్పకుండా ఉండలేం. కేరళలో మూడేళ్ళు ఉన్న అమ్మాయికి 'వెళ్ళం' అంటే నీళ్ళు. నాన్నగారికి చెన్నై బదిలీ అయిందనుకోండి. వానాకాలంలో ఒక రాత్రి వీధిలో ఎవరో "వెళ్ళం! వెళ్ళం!" అని అరుస్తున్నారు. అమ్మాయి బిందె పట్టుకుని బయటికి వస్తుంది. కాని తమిళంలో వెళ్ళం అంటే వరద! మన తెలుగు 'వెల్లువ' కూడా ఆ మాటకు చుట్టమే. ఒక్క మాటలో ఎంత తేడా ఉందో చూశారా?

అందుకే కొత్త ఊరికి వెళ్ళగానే అక్కడి భాషలో ఆరు మాటలు నేర్చుకోండి. నీళ్ళు, సాయం, ఆసుపత్రి, దారి, ప్రమాదం, పరుగెత్తు. నోటుబుక్కు చివరి పేజీలో తెలుగు లిపిలో రాసుకోండి. మా పాత విద్యార్థి ఒకడి నోటుబుక్కులో ఈ ఆరు మాటలూ ఐదు భాషల్లో ఉన్నాయి. అంత విలువైన నిఘంటువును మేము ఇంకెక్కడా చూడలేదు.

జెండా పండుగ సాయంత్రం

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒకసారి సర్దిన సంచి ఎప్పటికీ సిద్ధంగా ఉండదు. బెల్లం కరుగుతుంది, మందుల గడువు దాటుతుంది, నిరుడు పట్టిన వానకోటు ఈ ఏడు పట్టదు. అందుకు మా ఇంట్లో రెండు తేదీలు పెట్టుకున్నాం. జనవరి 26, ఆగస్టు 15. బడిలో జెండా వందనం ముగిసి ఇంటికి వచ్చాక, సాయంత్రం సంచిలోని వస్తువులన్నీ నేలమీద పరుస్తాం. నీళ్ళు మారుస్తాం. అటుకులు, పుట్నాలు ఆ పూట ఫలహారం అవుతాయి, కొత్తవి సంచిలోకి వెళ్తాయి. టార్చి వెలిగించి చూస్తాం. ఇంట్లో అందరం విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో మరోసారి గట్టిగా చెప్పుకుంటాం. ఇల్లు దగ్గర ఒక చోటు, ఊళ్ళో ఒక చోటు. పిల్లలకు ఇది పండుగలో భాగమైపోయింది. భయం లేదు. భయపడే పిల్లలకంటే పని తెలిసిన పిల్లలు ధైర్యంగా ఉంటారు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో ఒక్క ప్రశ్న అడగండి. కరెంటు లేని చీకట్లో మన ఇంటి టార్చిలైటు దగ్గరికి కళ్ళు మూసుకుని వెళ్ళగలమా? నలుగురూ నాలుగు చోట్లు చూపిస్తే పని మొదలుపెట్టవలసింది అక్కడినుంచే.

విశాఖ నుంచి మాకు మళ్ళీ బదిలీ అయినప్పుడు లారీ వాకిట్లో ఆగింది. పెట్టెలు ఎక్కుతున్నాయి. ఈసారి నోటుబుక్కు చేతిలోనే ఉంది. మామ్మ చేతికర్ర ఊతంగా గేటు దాకా వచ్చి, లారీలోకి ఒకసారి, మా వైపు ఒకసారి చూసి అడిగింది.

"అగ్గిపెట్టి ఏ పెట్టిలో ఎట్టేరమ్మా?"

"ఒకటో నంబరులో మామ్మా," అని భుజానికున్న సంచి చూపించాం.